వేరు ఒకటే, విశేషణాలు వేరు

రష్యన్ ఒక్క ముక్క రాకపోయినా తెలుగు పాఠకులకు కొన్ని రష్యన్ విశేషణాలు బాగా తెలుసు. అవి మన ఇళ్లలో పుస్తకాల అట్టల మీదే ఉన్నాయి. ‘అమ్మ’ నవల రాసిన గోర్కీ అసలు పేరు అలెక్సేయ్ పేష్కొవ్. 1892లో తొలి కథ అచ్చయినప్పుడు ఆయన పెట్టుకున్న కలం పేరు ‘గోర్కియ్’. చేదైన అని దానర్థం. టాల్‌స్టాయ్ ఇంటిపేరు ‘లావైన’ అనే విశేషణానికి పాత రూపం. దోస్తోయెవ్‌స్కీ అంటే దొస్తోయెవొ ఊరికి చెందినవాడు. ఆ ఊరు ఇప్పటి బెలరూస్‌లో ఉంది. పుష్కిన్ పేరు గ్రిగోరి పుష్కా అనే పూర్వీకుడి నుంచి వచ్చింది. పుష్కా అంటే ఫిరంగి, పుష్కిన్ అంటే ‘పుష్కా వాళ్ల’. కరేనిన్ భార్య కాబట్టి అన్నా కరేనినా అయింది. 15వ శతాబ్దంలో బహమనీ రాజధాని బీదర్ దాకా వచ్చి దక్కను గురించి రాసిపెట్టిన త్వేర్ నగరపు వర్తకుడు అఫనాసి నికీతిన్ కూడా ఇలాంటివాడే: నికీతా కొడుకైన అఫనాసి.

ప్రగతి, రాదుగ ప్రచురణల తెలుగు అనువాదాలతో పెరిగిన తరం ఈ పేర్లను లెక్కలేనన్నిసార్లు పలికింది. వాటి చివర వినిపించే ‘స్కీ’, ‘ఒవ్’, ‘ఇన్’ ఊరికే వచ్చిన తోకలు కావు. ఒక నామవాచకాన్ని విశేషణంగా మార్చే ప్రత్యయాలు అవి. రష్యన్‌కే పరిమితం కూడా కాదు. పోలిష్, చెక్, స్లొవాక్, ఉక్రేనియన్, బెలరూసియన్, బల్గేరియన్, మాసిడోనియన్, సెర్బియన్, క్రొయేషియన్, స్లొవీన్ – వీటన్నిటిలోనూ ఇవే ప్రత్యయాలు ఉన్నాయి. వేర్లూ చాలావరకు ఉమ్మడివే. అయినా ఒక భాషవాడు పక్క భాష విశేషణాన్ని ఊహించి వాడితే తరచుగా తప్పుతాడు. ఎందుకు తప్పుతాడన్నది నాకు ఈ భాషల్లోకెల్లా ఆసక్తికరమైన ప్రశ్న.

ఈ భాషలు విడిపోయి మరీ అంత కాలం కాలేదు. 863లో కిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు థెస్సలోనికీ చుట్టుపక్కల వినిపించే స్లావిక్ మాటలోకి మతగ్రంథాలను అనువదించి, వాటిని పట్టుకుని ఎక్కడో ఉత్తరాన ఉన్న మొరావియాకు వెళ్లారు. అక్కడివాళ్లకు ఆ భాష అర్థమైంది. ఆనాటికి తేడాలు మాండలికాల స్థాయిలోనే ఉన్నాయన్నమాట. ఇప్పుడు అవి మూడు శాఖలు. తూర్పున రష్యన్, ఉక్రేనియన్, బెలరూసియన్. పడమర పోలిష్, చెక్, స్లొవాక్ వగైరా. దక్షిణాన బాల్కన్ దేశాల భాషలు.

విశేషణం కోసం ఇంత తతంగం దేనికని తెలుగువాళ్లకు అనిపించవచ్చు. మనం ‘నీరు’ను ‘నీటి’గా, ‘ఇల్లు’ను ‘ఇంటి’గా, ‘రాయి’ని ‘రాతి’గా మార్చి మరో నామవాచకం ముందు పెట్టేస్తాం. నీటి మర, ఇంటి పని, రాతి గోడ. బాలవ్యాకరణం ఔపవిభక్తికాలు అన్నది ఈ మార్పులనే. చాలా మాటలకు ఆ మార్పు కూడా అక్కర్లేదు: చెక్క బల్ల, మట్టి కుండ. స్లావిక్ భాషల్లో సంప్రదాయంగా ఇది కుదరదు. నామవాచకం ముందు నామవాచకాన్ని పచ్చిగా నిలబెట్టలేరు. ప్రత్యయం చేర్చి దాన్ని విశేషణం చెయ్యాలి. ఆ తర్వాత, వర్ణించే మాట పుంలింగమా, స్త్రీలింగమా, నపుంసకమా, ఏకవచనమా, బహువచనమా, ఏ విభక్తిలో ఉంది అన్నది చూసి విశేషణం చివరను కూడా మార్చాలి. బల్గేరియన్, మాసిడోనియన్ మాత్రం విభక్తి రూపాలను దాదాపుగా వదిలేసుకున్నాయి.

నీళ్లతోనే మొదలుపెడదాం. ‘వోద’ అంటే నీరు. సంస్కృతంలోని ఉదకానికి దూరపు చుట్టం. (ఈ మాటలను వాటి రాత ప్రకారమే తెలుగులో ఇస్తున్నాను. పలికేటప్పుడు, ముఖ్యంగా రష్యన్‌లో, అచ్చులు కొంత మారతాయి.) దీనికి అన్నిటికంటే వాడుకలో ఉన్న ‘న్’ ప్రత్యయం చేరిస్తే రష్యన్‌లో వోద్నియ్, పోలిష్‌లో వోద్ని, చెక్‌లో వోద్నీ, బల్గేరియన్‌లో వోదెన్. ఇంతవరకు అందరూ ఒకే దారిలో ఉన్నారు.

రష్యన్ ఇక్కడ ఆగలేదు. నీటి క్రీడలకు వోద్నియ్ అంటుంది గానీ, నీటితో తిరిగే మరకు మరో ప్రత్యయం పెట్టి వొద్యనోయ్ అంటుంది. నీళ్లు ఎక్కువై పలచబడ్డ పులుసు వొద్యనీస్తియ్. మూడు ప్రత్యయాలు, మూడు అర్థాలు: నీటికి సంబంధించినది, నీటితో నడిచేది లేదా నీటిలో ఉండేది, నీళ్లలాంటిది. ఉక్రేనియన్ కూడా క్రీడకూ మరకూ ఇలాగే తేడా చూపుతుంది. పోలిష్‌కు, చెక్‌కు ఆ తేడా అవసరం అనిపించలేదు. మర అయినా క్రీడ అయినా పోలిష్‌లో వోద్ని, చెక్‌లో వోద్నీ. పోనీ చెక్ పొదుపరి భాషా అంటే అదీ కాదు. నీటిరంగుల దగ్గరికి వచ్చేసరికి వోద్నీ కాదని ‘వొదొవే’ అనే వేరే విశేషణం వాడుతుంది. పుష్కలంగా నీరున్న నదికి ‘వొద్నతా’ అని ఇంకొకటి. పోలిష్ నీటిరంగులకూ మామూలు వోద్ని రూపమే వాడి ఊరుకుంటుంది. రష్యన్ జానపద కథల్లో చెరువుల్లో, మడుగుల్లో ఉండే ముసలి జలపిశాచి పేరు కూడా వొద్యనోయే. విశేషణమే మనిషి రూపం తెచ్చుకుని కథలోకి నడిచివచ్చింది.

కాబట్టి అక్కచెల్లెళ్లందరి దగ్గరా ఉన్నది ఒకే పోపుల పెట్టె. ఏ కూరకు ఏ గిన్నెలోంచి తీసి వెయ్యాలన్న దగ్గరే ఎవరి చెయ్యి వారిది. భాషలు విడిపోయింది ప్రత్యయాల్లో కాదు, వాటి ఎంపికలో.

విడిపోకముందు జరిగిన సంగతి ఒకటుంది. అది అన్ని భాషల్లోనూ ఒకే ముద్ర వేసింది. ‘రుక’ అంటే చెయ్యి. దీనికి ‘న్’ చేరిస్తే ‘రుక్నోయ్’ రావాలి. రాదు. రష్యన్‌లో రుచ్నోయ్, చెక్‌లో రుచ్నీ, సెర్బియన్‌లో రుచ్ని. పోలిష్‌లో చెయ్యి రెంక, విశేషణం రెంచ్ని. స్లొవీన్‌లో రోక, రోచ్ని. బల్గేరియన్‌లో రక, రచెన్. ఎక్కడ చూసినా కకారం చకారమైంది. పుస్తకం ‘క్నీగ’ అయితే పుస్తకానికి సంబంధించినది ‘క్నీజ్నియ్’. ఇక్కడి జకారాన్ని ‘ప్లెజర్’ అనే మాటలో లాగా పలకాలి. చెవి ‘ఉఖొ’ అయితే చెవికి సంబంధించినది ‘ఉష్నోయ్’. క-చ, గ-జ, ఖ-ష జతలుగా కదిలాయి.

కారణం ఆ ప్రత్యయం పాత రూపంలో ఉంది. ఒకప్పుడు నకారానికి ముందు ‘ఇ’ లాంటి చాలా పొట్టి అచ్చు ఉండేది. ‘ఇ’ పలకడానికి నాలుక ముందుకు జరుగుతుంది. వెనక పలికే కకారాన్నీ తనతో ముందుకు లాగుతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. కన్నడంలో కివి, కెరె, కై అంటే మనం చెవి, చెరువు, చేయి అంటున్నాం. ‘ఇ’, ‘ఎ’ల పక్కన తెలుగు కకారానికి జరిగిందీ ఇదే. స్లావిక్‌లో ఆ పొట్టి అచ్చు తర్వాతి శతాబ్దాల్లో చాలాచోట్ల మాయమైపోయింది. రుచ్నోయ్‌లో ఇప్పుడు చకారానికీ నకారానికీ మధ్య ఏమీ లేదు. అచ్చు పోయినా అది తెచ్చిన మార్పు పోలేదు. పది భాషలూ ఒకేలా మారాయంటే ఆ మార్పు అవి వేరుకాపురాలు పెట్టకముందే జరిగిందని అర్థం. శాసనం దొరక్కపోయినా కాలాన్ని ఇలా అంచనా కట్టవచ్చు.

పోలిష్ ఈ మార్పును తప్పించుకునే దారి ఒకటి పట్టుకుంది. దాని పుస్తకం ‘క్షొన్ష్క’. విశేషణం ‘క్షొన్ష్కొవి’. ‘ఒవి’ ప్రత్యయం ‘ఒ’తో మొదలవుతుంది కాబట్టి కకారం కకారంగానే ఉండిపోయింది. మూలపదం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. పోలిష్‌కు ఈ ‘ఒవి’ మీద ఇంత మక్కువ ఉండటానికి ఇది పెద్ద సౌకర్యమని నా అభిప్రాయం.

ఎంపికలో తేడా ఎలా ఉంటుందో పిల్లల హోంవర్క్ కంటే బాగా చెప్పేది లేదు. ‘దోమ్’ అంటే ఇల్లు. మన ‘దంపతి’ అనే మాటలో మొదటి భాగం ఈ వేరుకు చెందినదే. వేద భాషలో ఆ మాటకు ఇంటి యజమాని అని అర్థం. ఇంటి దగ్గర చెయ్యాల్సిన బడిపనికి వాడే విశేషణం రష్యన్‌లో దొమాష్నియ్, ఉక్రేనియన్‌లో దొమాష్నియ్, బల్గేరియన్‌లో దొమాషెన్. పోలిష్‌లో దొమొవి. చెక్‌లో దొమాత్సీ, సెర్బియన్, క్రొయేషియన్ భాషల్లో దొమాచి, స్లొవీన్‌లో దొమాచ్. బెలరూసియన్‌లోనైతే వేరే మారిపోయి, గుడిసె అనే అర్థమున్న ‘ఖాత’ నుంచి ‘ఖాత్ని’ అనే విశేషణం కూడా వాడతారు.

పైకి ఏడెనిమిది రూపాలు. ‘ఖాత్ని’ని పక్కన పెడితే నిజానికి దారులు మూడే. పోలిష్ నేరుగా ‘దోమ్’కు ‘ఒవి’ తగిలించింది. మిగతా భాషలు ‘దోమ్’ నుంచి కాక ‘దోమా’ నుంచి, అంటే ‘ఇంటి దగ్గర’ అనే క్రియావిశేషణం నుంచి బయలుదేరాయి. రష్యన్, ఉక్రేనియన్, బల్గేరియన్ దానికి ‘ష్న్’ చేర్చాయి. చెక్, సెర్బియన్, స్లొవీన్ భాషలు మరో పాత ప్రత్యయం చేర్చాయి. అందులో ‘త్య’ లాంటి ధ్వని ఉండేది. అది చెక్‌లో ‘త్స’గా, సెర్బియన్‌లో మెత్తని ‘చ’గా, స్లొవీన్‌లో గట్టి ‘చ’గా మారింది. ఈ లెక్క నిజమేనా అని సరిచూసుకోవడానికి ‘రాత్రి’ ఉంది. నక్తంచరుడు అనే మాటలో మనకు తెలిసిన ‘నక్తం’ వేరుకు చెందిన స్లావిక్ మాట చెక్‌లో నోత్స్, సెర్బియన్‌లో మెత్తని చకారంతో నోచ్, స్లొవీన్‌లో గట్టి చకారంతో నోచ్. అదే వరుస. దొమాత్సీ, దొమాచి, దొమాచ్ మూడు మాటలు కావు, ఒకే మాటకు మూడు పలుకుబడులు.

ఇప్పుడు పేర్ల దగ్గరికి. ‘ఒవ్’, ‘ఇన్’ ఈ రెండూ ‘ఫలానా వ్యక్తిది’ అని చెప్పే ప్రత్యయాలు. ఇవాన్‌కు చెందినది ఇవానొవ్. అకారాంతమైన పేర్లకు ‘ఇన్’ వస్తుంది, నికీతా నుంచి నికీతిన్ వచ్చినట్టు. ఈ ప్రత్యయం ఊళ్లకూ పేర్లు పెట్టింది. 13వ శతాబ్దంలో హాలిచ్ పాలకుడు దనీలొ కట్టించిన నగరానికి కొడుకు లేవ్ పేరు పెట్టారు. లేవ్ అంటే సింహం. లేవ్‌ది కాబట్టి రష్యన్‌లో ఆ నగరం ల్వోవ్. పోలిష్‌లో రాతలో ‘ఒ’ మీద గీత పెట్టి ల్వూవ్ అని పలుకుతారు. ఉక్రేనియన్‌లో ల్వీవ్. మూడు పేర్లూ ఒకటే విశేషణం. హల్లుతో ముగిసే అక్షరంలో ‘ఒ’ను పోలిష్ ‘ఉ’ వైపు, ఉక్రేనియన్ ‘ఇ’ వైపు తీసుకెళ్లాయి. విభక్తి చేరి ఆ అక్షరం అచ్చుతో ముగియగానే మూడింటిలోనూ పాత ‘ఒ’ మళ్లీ బయటపడుతుంది: ల్వోవా, ల్వొవ, ల్వోవ. క్రాకూవ్ నగరం క్రాక్ అనే పురాణ పురుషుడిది. కీయివ్ కూడా కియ్ అనేవాడు కట్టించాడని పాత కథ.

టెన్నిస్ చూసేవాళ్లకు ఒక చిక్కుముడి. ఇద్దరూ చెక్ క్రీడాకారిణులే అయినా ఒకరు మార్టినా నవ్రతిలోవా, 1998లో వింబుల్డన్ గెలిచినామె యానా నొవొత్నా. ఒకరికి ‘ఒవా’ ఉంది, ఇంకొకరికి లేదు. నవ్రాతిల్ అనే ఇంటిపేరు విశేషణం కాదు. అందుకే స్త్రీకి ‘నవ్రాతిల్‌కు చెందిన’ అనే అర్థంలో ఒవా చేర్చాలి. నొవొత్నీ అనే ఇంటిపేరు అప్పటికే విశేషణం. చివరి అచ్చును స్త్రీలింగంలోకి మారిస్తే సరి. ఈ ‘చెందిన’ అన్న అర్థం ఇష్టంలేని చెక్ స్త్రీలు చాలామంది ఉన్నారు. 2022 నుంచి అక్కడి చట్టం ఒవా లేకుండా పేరు నమోదు చేసుకునే వీలు అందరికీ కల్పించింది. వ్యాకరణ ప్రత్యయం ఒకటి పార్లమెంటు దాకా వెళ్లిందంటే, దాన్ని వాళ్లు ఇంకా అర్థంతో సహా వింటున్నారనే.

అన్నిచోట్లా అలా వినడం లేదు. చెక్‌లో, క్రొయేషియన్‌లో పేతర్ పుస్తకం అనాలంటే ఇప్పటికీ విశేషణమే: పేత్రొవా క్నిహ, పేత్రొవా క్న్యీగ. రష్యన్‌లో ఆ పని షష్ఠీ విభక్తి చేస్తుంది. పాత పద్ధతి ఇంట్లో అమ్మకు, నాన్నకు మిగిలింది. ‘మామిన్’ అంటే అమ్మది, ‘పాపిన్’ అంటే నాన్నది. పోలిష్ రోజువారీ మాటలోంచి దాదాపు జారిపోయి ఊళ్ల పేర్లలో, ఇంటిపేర్లలో నిలిచిపోయింది.

‘స్క్’ ప్రత్యయం అన్నిచోట్లా ఆరోగ్యంగా ఉంది. సముద్రం ‘మోరె’. దానికి సంబంధించినది రష్యన్‌లో మొర్‌స్కోయ్, పోలిష్, సెర్బియన్, బల్గేరియన్ భాషల్లో మోర్‌స్కి. చెక్‌లో మాత్రం ఒక కంపించే రకారం చేరి మోర్ష్‌స్కీ. మ్యాపులో కనిపించే ఓమ్‌స్క్ ఓమ్ నది మీద, తోమ్‌స్క్ తోమ్ నది మీద, తొబోల్‌స్క్ తొబోల్ నది సంగమం దగ్గర వెలసిన ఊళ్లు. అన్నీ విశేషణాలే. ఈ ప్రత్యయానికి జర్మన్ భాషలోని ‘ఇష్’ బంధువు.

ఇంత సాఫీగా ఉన్న ప్రత్యయం కూడా తగువు పెట్టగలదు. ‘రూస్’ అనేది కీయివ్ కేంద్రంగా ఉన్న మధ్యయుగపు రాజ్యం. దాని విశేషణం పోలిష్‌లో ‘రుస్కి’. రష్యా దేశానిది అనాలంటే పోలిష్‌లో ‘రొసీస్కి’ అనే వేరే మాట ఉంది. ఉక్రేనియన్ కూడా ఆ రెంటినీ విడదీస్తుంది. చెక్‌లో ‘రుస్కీ’ అంటే రష్యాదే. రష్యన్ భాషలో ‘రూస్‌స్కియ్’ అంటే రష్యన్ జాతికి, భాషకు చెందినది; రష్యా రాజ్యానికి చెందినది ‘రొస్సీస్కియ్’. ఇక పోలండ్‌లో బంగాళాదుంప, విరుగుడు జున్ను కూరి ఉడికించే ‘పియెరోగి రుస్కియె’ అనే వంటకం పేరుకు అసలు అర్థం పాత రూస్ ప్రాంతపు పియెరోగి. ఆ ప్రాంతంలో చాలా భాగం ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం ముదిరాక, ఆ పేరు రష్యాదిలా వినిపిస్తుందని కొన్ని పోలిష్ హోటళ్లు దాన్ని తీసేసి ‘ఉక్రెయిన్ పియెరోగి’ అని రాసుకున్నాయి. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గది. భాష పరంగా మాత్రం ఆ పాత విశేషణం ఏ తప్పూ చెయ్యలేదు.

వేరూ ప్రత్యయమూ రెండూ కలిసినా అర్థం కలవని చోట్లు ఇంకా చిత్రమైనవి. ‘క్రస’ అంటే అందం. ‘న్’ చేరిస్తే చెక్‌లో క్రాస్నీ, స్లొవీన్‌లో క్రాసెన్ – రెండూ అందాన్నే చెబుతాయి. రష్యన్‌లో అదే రూపమైన క్రాస్నియ్‌కు నేటి అర్థం ఎర్రని. మాస్కోలోని రెడ్ స్క్వేర్‌కు ఆ పేరు వచ్చింది 17వ శతాబ్దంలో. అప్పటికి ఆ మాటలో అందమైన అనే అర్థం బతికే ఉంది. ఎర్రజెండాతో దానికి సంబంధం లేదు. అందం అనే పాత అర్థం ఖాళీ అయిపోతే రష్యన్ అదే వేరుకు మరో ప్రత్యయం తగిలించి ‘క్రసీవియ్’ వాడుకలోకి తెచ్చుకుంది. మిగతా చాలా భాషల్లో ఎరుపు పురుగు నుంచి వచ్చింది. ‘చెర్వ్’ అంటే పురుగు. ఎర్ర రంగు తీసే పురుగులను ఏరి అద్దకానికి వాడేవారు. అందుకే పోలిష్‌లో చెర్వొని, చెక్‌లో చెర్వెనీ, బల్గేరియన్‌లో చెర్వెన్. ఆ పురుగులు ఏరే నెల కాబట్టి జూన్‌కు పోలిష్‌లో చెర్వియెత్స్, ఉక్రేనియన్‌లో చెర్వెన్ అనే పేర్లు వచ్చాయి.

గోర్కీ పేరులోని వేరుది ఇంకో కథ. అది ‘మండు’ అనే ధాతువు. నాలుక మండించేది చేదు; ఒళ్లు మండించేది వేడి. చెక్ ఈ రెంటినీ ఒక్క హల్లుతో విడదీసింది: హొర్ష్‌కీ అంటే చేదైన, హొర్కీ అంటే వేడైన. పక్కింటి స్లొవాక్‌లో హొర్కీ అంటే చేదైన. వేడికి హొరూత్సి అనే మాట ఉంది. ప్రాగ్‌లో ‘హొర్కా చొకొలాద’ అడిగితే కప్పులో పొగలు కక్కే చాక్లెట్ పానీయం తెస్తారు. బ్రాటిస్లావాలో అవే మాటలు అంటే చేతికి వచ్చేది నల్లటి చేదు చాక్లెట్ బిళ్ల. ఒకే వేరు, ఒకే ప్రత్యయం, ఎప్పుడూ ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే రెండు భాషలు.

అందుకే స్లావులందరికీ ఒకే భాష తయారుచేద్దామనుకున్నవాళ్లకు వేర్లు పెద్ద ఇబ్బంది పెట్టవు. క్రొయేషియాకు చెందిన మతగురువు యూరయ్ క్రిజానిచ్ 1660లలో సైబీరియాలోని తొబోల్‌స్క్‌లో ప్రవాసశిక్ష అనుభవిస్తూ అలాంటి ఉమ్మడి భాషకు వ్యాకరణం రాశాడు. మన కాలంలో ఇంటర్‌స్లావిక్ అనే నిర్మిత భాష ఉంది. 2019లో వచ్చిన చెక్ సినిమా ‘ద పెయింటెడ్ బర్డ్’లో దాన్ని వాడారు. ఇలాంటి భాషలో ‘ఇల్లు’ అనే మాట అందరికీ నచ్చుతుంది. ‘ఇంటి’ అనడానికి దొమాష్నియా, దొమొవియా, దొమాత్సీయా అనేసరికి ఏది ఎంచినా కొందరికి పరాయిగా వినిపిస్తుంది.

ఎంపిక ఇప్పటికీ నడుస్తోంది. కంప్యూటర్ ఆట అనే మాటే చూడండి. ఉమ్మడి కాలంలో కంప్యూటర్ లేదు కాబట్టి ఎవరికి వారే తేల్చుకోవాల్సి వచ్చింది. రష్యన్ ‘కొంప్యూతెర్నియ్’ అంది, బల్గేరియన్ కూడా ‘న్’ దారే పట్టింది. పోలిష్ అలవాటు తప్పకుండా ‘కొంపుతెరొవి’ అంది. సెర్బియన్ ‘కొంప్యుతెర్‌స్కి’ అంది. చెక్, స్లొవాక్ సొంత మాట ‘పొచీతాచ్’ పుట్టించుకుని దానికి ‘ఒవీ’ పెట్టాయి. వెయ్యేళ్లనాటి మూడు ప్రత్యయాలూ నిన్నగాక మొన్న వచ్చిన యంత్రం మీద చేరాయి.

ఇంటర్నెట్ దగ్గర మాత్రం ఒక కొత్త పోకడ కనిపిస్తోంది. ఇంటర్నెట్ దుకాణాన్ని పోలిష్‌లో ‘స్క్లెప్ ఇంతెర్నెతొవి’ అంటారు, క్రొయేషియన్‌లో ‘ఇంతెర్నెత్‌స్క త్ర్‌గొవిన’ అంటారు. రెంటిలోనూ ప్రత్యయం పాత పద్ధతిలోనే ఉంది. రష్యన్‌లో, బల్గేరియన్‌లో అది ‘ఇంతెర్నెత్ మగజీన్’. ప్రత్యయం లేదు, లింగం లేదు, రష్యన్‌లో దుకాణానికి ఏ విభక్తి వచ్చినా ముందున్న ‘ఇంతెర్నెత్’ కదలదు. ‘బీజ్నెస్ ప్లాన్’ లాంటివి కూడా ఇదే వరుసలో చేరాయి. పరభాషల నుంచి వచ్చిన కొత్త మాటల వరకు, మన చెక్క బల్ల, మట్టి కుండల్లాగే, ఒక నామవాచకం ఇంకో నామవాచకం ముందు ఏ మార్పూ లేకుండా నిలబడుతోంది.